ఆగస్టులోనే తీర్పు చెప్పేస్తే ఎలా?

వికెట్ కీపర్ రోజంతా వంగి లేచి బంతులు పట్టినా మనం చప్పట్లు కొట్టం. ఒక్క క్యాచ్ వదిలేశాడా, సాయంత్రానికల్లా అతని మీద వంద మీమ్స్. అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ సరిగ్గా ఇలాంటి ఉద్యోగం ఒకటుంది. అదే అఫెన్సివ్ లైన్‌మన్.

స్టేట్స్‌లో ఉన్న మనోళ్ల పుణ్యమా అని ఈ ఆట ఇప్పుడు మన ఫ్యామిలీ గ్రూపుల్లోకీ వచ్చేసింది. ఆగస్టులో ప్రీసీజన్ మొదలవుతుంది. అంటే అసలు సీజన్‌కి ముందు ఆడే రెండు మూడు ప్రాక్టీస్ మ్యాచ్‌లన్నమాట. పాయింట్స్ ఉండవు, కప్పు ఉండదు. కానీ గొడవలు మాత్రం ఫైనల్ రేంజ్‌లో ఉంటాయి. కొత్తగా వచ్చిన కుర్రాడు ఒకసారి తడబడితే చాలు... "వీడు వేస్ట్" అని ఒక బ్యాచ్, "ఆగండ్రా బాబూ" అని ఇంకో బ్యాచ్!

ముందు ఆ కుర్రాడి పనేంటో చూద్దాం. క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని ఎవరికి విసరాలా అని వెతుకుతుంటాడు. అతన్ని పడగొట్టడానికి అవతలి టీమ్ వాళ్లు దూసుకొస్తుంటారు. వాళ్లని రెండున్నర, మూడు సెకన్లు ఆపాలి. ఇదే పాస్ బ్లాకింగ్. లైన్‌లో ఐదుగురుంటారు. రెండు చివర్లా ఉండేవాళ్లు టాకిల్స్. సాధారణంగా అందరికంటే స్పీడుగా వచ్చేవాళ్లు వీళ్ల వైపు నుంచే వస్తారు. 140, 150 కిలోల మనిషి వెనక్కి అడుగులేస్తూ, ముందుకు పరిగెత్తుకొచ్చేవాణ్ని అడ్డుకోవాలి. ఒక మ్యాచ్‌లో 35 సార్లు ఈ పని చేసి, 34 సార్లు గెలిచాడనుకుందాం. మన ఫోన్‌కి వచ్చే క్లిప్ మాత్రం ఆ మిగిలిన ఒక్కటే.

పెనై సూవెల్ కథ దీనికి మంచి ఉదాహరణ. పుట్టింది అమెరికన్ సమోవాలో. ఒరెగాన్ యూనివర్సిటీలో లెఫ్ట్ టాకిల్‌గా ఆడి, 2019లో కాలేజీ లైన్‌మెన్‌కిచ్చే అవుట్‌ల్యాండ్ ట్రోఫీ కొట్టాడు. కోవిడ్ వల్ల 2020 సీజన్ మొత్తం ఆడలేదు. 2021 డ్రాఫ్ట్‌లో డెట్రాయిట్ లయన్స్ అతన్ని 7వ పిక్‌గా తీసుకుంది. అతను దొరికాడని టీమ్ జనరల్ మేనేజర్ బ్రాడ్ హోమ్స్ ఎగిరి గంతేసిన వీడియో అప్పట్లో బాగా తిరిగింది.

తీరా ఆగస్టు వచ్చేసరికి సూవెల్ తడబడ్డాడు. పాస్ బ్లాకింగ్‌లో ఎదుటివాళ్లు అతన్ని దాటుకుని వెళ్లిపోతున్నారు. డెట్రాయిట్ దగ్గర నోవైలో ఉండే మా పెద్దమ్మగారి అబ్బాయి ఆ నెలంతా ఫోన్ చేసినప్పుడల్లా ఇదే గోల. "తమ్ముడూ, మళ్లీ మునిగాం రా" అనేవాడు. అన్నయ్యని తప్పుపట్టలేం. 1992 జనవరిలో ఒక ప్లేఆఫ్ మ్యాచ్ గెలిచాక లయన్స్ మళ్లీ ఇంకోటి గెలిచిందే లేదు. అన్నేళ్లు దెబ్బలు తిన్న అభిమానికి దారిలో తాడు కనపడినా పామే.

కానీ ఆ గోలలో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. సూవెల్‌ని కుడి వైపుకి మార్చారు. ఎడమ వైపు అప్పటికే టేలర్ డెకర్ ఉన్నాడు మరి. "వైపు మారితే ఏమైంది, అదే పని కదా" అంటారా? రేపు భోజనంలో ఎడమ చేత్తో పప్పన్నం కలిపి తిని చూడండి. అన్నం అదే, నోరూ అదే. కానీ సగం విస్తరి బయటే పడుతుంది. లెఫ్ట్ టాకిల్ ఎడమ కాలు వెనక్కి పెట్టి నిలబడతాడు, ఆ కాలితోనే వెనక్కి జారుతాడు. రైట్ టాకిల్‌కి అన్నీ అద్దంలో బొమ్మలా తిరగబడతాయి. ఏ కాలు ముందు, ఏ చెయ్యి ముందు అని ఆలోచించే టైమ్ ఉండదు. ఒంటికే తెలిసిపోవాలి. ఏడాదికి పైగా మ్యాచ్ ఆడని, ఇంకా 21 నిండని కుర్రాడికి ఆ అలవాటు మూడు వారాల్లో ఎక్కడి నుంచి వస్తుంది?

తర్వాత జరిగింది సినిమా ట్విస్టే. సీజన్ మొదలవుతుందనగా డెకర్ వేలికి దెబ్బ తగిలింది. సూవెల్‌ని మళ్లీ ఎడమ వైపు నిలబెట్టారు. మొదటి మ్యాచ్‌లో లయన్స్ 41-33తో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ చేతిలో ఓడింది. కానీ కుర్రాడు నిలబడ్డాడు. డెకర్ తిరిగొచ్చాక మళ్లీ కుడి వైపుకి వెళ్లి, ఈసారి అక్కడా కుదురుకున్నాడు. 2023లో, 2024లో వరసగా ఫస్ట్ టీమ్ ఆల్-ప్రో. 2024 ఏప్రిల్‌లో నాలుగేళ్లకి 11.2 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్. మన లెక్కలో తొమ్మిది వందల కోట్ల రూపాయల పైనే! అదే ఏడాది జనవరిలో లయన్స్ 32 ఏళ్ల తర్వాత ప్లేఆఫ్ మ్యాచ్ గెలిచింది. ఆ రాత్రి మా అన్నయ్య ఫోన్లో ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు అర్థం కాలేదు.

"చూశారా, అందుకే ఓపిక పట్టాలి" అని ఇక్కడే ముగించేస్తే కథ బాగుంటుంది. కానీ అది సగం నిజమే. మరుసటి ఏడాది, 2022లో, న్యూయార్క్ జెయింట్స్ అదే 7వ పిక్‌తో అలబామా కుర్రాడు ఇవాన్ నీల్‌ని తీసుకుంది. అతన్నీ రైట్ టాకిల్‌గానే ఆడించారు. అతని పాస్ బ్లాకింగ్ మీదా ఇవే వాదనలు. అతను మాత్రం కుదురుకోలేదు. 2023లో సొంత అభిమానులే గేలి చేస్తే, కోపంతో వాళ్లని ఒక మాట అన్నాడు. తర్వాత సారీ చెప్పాడు. 2025లో టీమ్ అతని ఐదో ఏడాది ఆప్షన్ వద్దనుకుంది.

ఇద్దరూ 7వ పిక్కే, ఇద్దరి పొజిషనూ ఒకటే. ఫలితాలు మాత్రం పూర్తిగా వేరు. అందుకే నా వరకైతే ఆగస్టులో "వేస్ట్" అనడం ఎంత తొందరో, "అంతా అదే సర్దుకుంటుంది" అనడమూ అంతే తొందర. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ప్రతిసారీ ఒకేలా ఓడిపోతున్నాడా, లేక ఒక్కోసారి ఒక్కో రకంగానా? స్పీడుకి ఓడుతున్నాడా, బలానికా? పక్కవాడు సాయం చేయాల్సిన చోట చేశాడా? క్వార్టర్‌బ్యాక్ బంతిని ఐదు సెకన్లు పట్టుకుని కూర్చుంటే ఆ తప్పు ఎవరి ఖాతాలో వెయ్యాలి? మొదటి వారం చేసిన పొరపాటు మూడో వారంలో తగ్గిందా? నాకు చివరి ప్రశ్నే ముఖ్యం. తగ్గుతుంటే నేర్చుకుంటున్నాడని అర్థం. అదే తప్పు అలాగే ఉంటే అప్పుడు కంగారు పడదాం.

ఉద్యోగంలో చేరిన మూడో వారంలో మీ పనిలోని ఒక్క పొరపాటుని ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఊరంతా తిప్పితే ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఈసారి ప్రీసీజన్ మ్యాచ్ చూస్తే ఒక పని చెయ్యండి. వరసగా ఓ పది ప్లేలు బంతిని వదిలేసి, ఆ చివరున్న కుర్రాడి కాళ్లనే చూడండి. ఆ తర్వాత గ్రూపులో ఏం టైప్ చేస్తారో మీ ఇష్టం.