ఫిట్స్ మందని చెప్పరేం?

నడుం నొప్పని వెళ్తే ప్రెగాబలిన్. మెడ పట్టేసిందంటే ప్రెగాబలిన్. నిద్ర పట్టడం లేదన్నా, చివరికి ఒంట్లో నీరసంగా ఉందన్నా అదే. మిథైల్ కోబాలమిన్ కలిపిన గొట్టం మాత్ర, రాత్రికొకటి, నెల రోజులకు. ఇదెందుకండీ అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "నరాలకు బలం."

బలమట! ఇది మూర్ఛకు వాడే మందు. అతిగా రేగిన నరాల సంకేతాలను తగ్గించడమే దీని పని. మూర్ఛకు తోడు మందుగా, షుగరు వల్ల వచ్చే కాళ్ల మంటలకు, సర్పి మానాక మిగిలిపోయే నొప్పికి దీన్ని పరీక్షించి ఒప్పుకున్నారు. వాటికి రాస్తే నాకు పేచీ లేదు. రాత్రంతా అరికాళ్లు మండే మనిషికి కాస్త కునుకు పట్టించే డాక్టరుకు దండం పెడతాను. మరి సయాటికాకు? 2017లో అచ్చయిన ఆస్ట్రేలియా పరీక్షలో 209 మంది మీద చూస్తే, ఉత్తుత్తి మాత్ర కన్నా ఇది నొప్పిని తగ్గించిందేమీ లేదు. తల తిరగడం మాత్రం ఎక్కువైంది. అయినా ఇక్కడ కలం ఆగలేదు.

కలం ఊరికే నడవదు. దీని అన్న గాబాపెంటిన్ కథ చూడండి. 1993లో అమెరికా దాన్ని మూర్ఛకే అనుమతించింది. దాన్ని అమ్మే వార్నర్-లాంబర్ట్ కంపెనీ మాత్రం మానసిక రుగ్మతలకూ, మైగ్రేన్‌కూ, రకరకాల నొప్పులకూ పనికొస్తుందని డాక్టర్ల చెవిలో ఊదింది. 1996లో అందులో చేరిన డేవిడ్ ఫ్రాంక్లిన్ అనే శాస్త్రవేత్త కొద్ది నెలలకే బయటికొచ్చి కోర్టుకెక్కాడు. 2004లో వార్నర్-లాంబర్ట్ నేరం ఒప్పుకుని 43 కోట్ల డాలర్లు కట్టింది. అప్పటికే అది ఫైజర్ చేతిలో ఉంది. డబ్బు కట్టారు, అయిపోయింది. రాసే అలవాటు మాత్రం పోలేదు.

ఇక దుష్ఫలితాలు. పెద్దావిడ మాత్ర మొదలుపెడుతుంది. కొన్నాళ్లకు పాదాలు ఉబ్బుతాయి, వేలితో నొక్కితే గుంట పడుతుంది. గుండె జబ్బేమోనని కొడుకు ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు. ఆయన పాత చీటీ అడగడు, నీరు పోవడానికి మాత్ర రాస్తాడు. దాంతో మాటిమాటికీ బాత్రూముకు లేవాలి. లేచేసరికి మొదటి మాత్ర మత్తు వదలదు, చూపు మసక. తూలి గడప దగ్గర పడుతుంది, తుంటి విరుగుతుంది. ఆస్పత్రి కాగితంలో "జారిపడ్డారు" అని రాస్తారు. ఏ మందు పడేసిందో ఎవరు రాస్తారు?

ఈ మందు దాదాపు మొత్తం కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీ మందగిస్తే డోసు తగ్గించాలి. కిడ్నీ జబ్బులు ప్రబలిన ఉద్దానంలో క్రియాటినిన్ పరీక్ష చూడకుండా ఈ మాత్ర రాసేవాణ్ణి ఏమనాలి? ట్రమడాల్ లాంటి నొప్పి మందుతో కలిపి వాడేవాళ్లకూ, ముసలివాళ్లకూ, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకూ శ్వాస మందగించవచ్చని అమెరికా 2019లో హెచ్చరించింది. అదే ఏడు బ్రిటన్ ప్రెగాబలిన్, గాబాపెంటిన్ రెండింటినీ నియంత్రిత జాబితాలో చేర్చింది. మన దగ్గర అట్ట మీద ఎర్రగీత, ఇంగ్లీషులో ఒక హెచ్చరిక. కౌంటర్లో మాత్రం నలిగిపోయిన పాత చీటీ చూపినా ఇచ్చేస్తారు.

ఇది చదివి రేపే మాత్ర విసిరేయకండి. ఉన్నట్టుండి మానేస్తే చెమటలు, ఆందోళన, నిద్రలేమి రావచ్చు. మూర్ఛ ఉన్నవాళ్లకు ఫిట్స్ తిరగబెట్టవచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాల్సిన మందు ఇది. ఆ ముక్క కూడా మొదటి రోజే చెప్పాలి కదా!

డాక్టర్లకు తీరిక లేదంటారు. మందుల కంపెనీ రెప్రజెంటేటివ్ బ్యాగు పట్టుకుని గుమ్మంలో నిలబడితే తీరిక ఎక్కణ్ణుంచి వస్తుంది? చీటీ మీద తెలుగులో ఒక్క వాక్యం రాయండి: ఇది ఫిట్స్ మందు, మీ ఫలానా నొప్పికి వాడుతున్నాం, ఫలానా తేదీన కొనసాగించాలో తగ్గించాలో చూస్తాం. కింద సంతకం పెట్టండి.