పెద్ద పేరున్న చోట బెంచీనా? చిన్న చోట ఆటా?

పొద్దున్నే రేణిగుంట జంక్షన్‌లో ఒక అరగంట నిలబడితే మన జిల్లా నిరుద్యోగం మొత్తం కళ్ల ముందు కనబడుతుంది. గూడూరు, గుంతకల్లు, అరక్కోణం, తిరుపతి... నాలుగు వైపుల పట్టాలు కలిసే స్టేషన్ ఇది. వీపున బ్యాగు, చేతిలో సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని నిలబడిన పిల్లలు ప్రతి బండికీ కనిపిస్తారు. పోయిన నెల వాళ్లలో నా పాత స్టూడెంట్ ఒకడు కలిశాడు.

"యాడికి రా?" అన్నాను.

"చెన్నైకి సార్. రెండు ఆఫర్లు వచ్చినాయి. ఒకటి పెద్ద కంపెనీ. ఏం పని ఇస్తారో చెప్పలా. ఇంకోటి చిన్నది. మొదటి వారం నుంచే మెషిన్ మీద నిలబెడతామన్నారు. జీతం రెండు వేలు తక్కువ. ఇంట్లో పెద్దదానికే పొమ్మంటాండారు. మీరేమంటారు?"

ఇంతలో బండి వచ్చింది. నేను ఏదో నసిగాను, వాడు ఎక్కేశాడు. ఆ రోజు చెప్పలేని జవాబును ఇప్పుడు రాస్తున్నాను. ఆ జవాబు నాకు ఫుట్‌బాల్‌లో దొరికింది.

ముందు నా సంగతి. డిగ్రీ అయ్యాక నేనూ ఇలాగే చెన్నై బండి ఎక్కినవాడినే. పేరు చెబితే చుట్టాలందరూ కళ్లు పెద్దవి చేసే కంపెనీలో చేరాను. ఎనిమిది నెలలు బెంచీ మీద కూర్చున్నాను. ప్రాజెక్టు లేదు, పని లేదు. ఐడీ కార్డు మాత్రం మెడలో ఉండేది. నా రూమ్మేటు అంబత్తూరులో ఒక చిన్న వర్క్‌షాపులో చేరాడు. చేతులకు గ్రీజు, చొక్కాకు మరకలు. ఎనిమిది నెలల తర్వాత ఇద్దరం మళ్లీ ఇంటర్వ్యూలకు పోతే, చెప్పుకోవడానికి వాడికి పని ఉంది, నాకు కంపెనీ పేరు ఉంది. ఉద్యోగం ఎవరికి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఐటీలోనూ, ఫుట్‌బాల్‌లోనూ ఈ మాట ఒకటే: బెంచీ. దాన్ని తప్పించుకునే విద్య బాగా నేర్చినవాళ్లు జపాన్ ఆటగాళ్లు.

జపాన్‌లో ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది 1993లో. అంతకు చాలా ముందే, 1977లో, యాసుహికో ఒకుదెరా జర్మనీలోని కొలోన్ క్లబ్బుకు వెళ్లాడు. ఆ తర్వాత వెళ్లినవాళ్లు ఎందరో. వాళ్లు ఎక్కడికి వెళ్లారో గమనించండి. మొదటి అడుగే మాడ్రిడ్‌కో మాంచెస్టర్‌కో వేసినవాళ్లు అరుదు. చాలామంది బెల్జియం, నెదర్లాండ్స్ లాంటి చోట్ల చిన్న క్లబ్బుల్లో దిగారు.

వాటారు ఎండోనే తీసుకోండి. 2018లో, పాతికేళ్ల వయసులో, బెల్జియంలోని సింట్ ట్రూయిడెన్ అనే చిన్న క్లబ్బుకు వెళ్లాడు. మరుసటి ఏడాది జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో చేరాడు. ఆ క్లబ్బు అప్పుడు రెండో డివిజన్‌లో ఉంది. అక్కడ ఆడాడు, జట్టుతో పాటు మొదటి డివిజన్‌కు ఎక్కాడు, కెప్టెన్ అయ్యాడు. 2023లో లివర్‌పూల్ పిలిచింది. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు! ఇరవై రెండేళ్లకే "నా లైఫ్ అయిపోయింది సార్" అనే మన పిల్లలు ఈ వయసును ఒకసారి రాసి పెట్టుకోవాలి.

ఇంకొకడు కావోరు మిటోమా. పద్దెనిమిదేళ్లకు కవసాకి ఫ్రంటాలే క్లబ్బు ప్రొఫెషనల్ కాంట్రాక్టు ఇస్తానంటే, ఇప్పుడే వద్దని సుకుబా యూనివర్సిటీలో చేరాడు. డిగ్రీ కోసం రాసిన థీసిస్ కూడా డ్రిబ్లింగ్ గురించే. తోటి ఆటగాళ్ల తలలకు చిన్న కెమెరాలు కట్టి, బంతి వచ్చే ముందు మంచి ఆటగాడు ఎటు చూస్తాడో పరిశీలించాడు. ఇక్కడ మన ఫైనలియర్ ప్రాజెక్టులు ఎక్కడ కొంటామో నేను చెప్పను, మీకే తెలుసు. చదువయ్యాక 2020లో కవసాకిలో చేరి, తొలి లీగ్ సీజన్‌లోనే 13 గోల్స్ కొట్టాడు. 2021లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్ తీసుకుంది. అయితే అక్కడ ఆడటానికి వర్క్ పర్మిట్ దొరకలేదు. మన భాషలో చెప్పాలంటే వీసా తిరగబడింది. ఖాళీగా కూర్చోలేదు. బెల్జియంలోని యూనియన్ సెయింట్ జిల్వాజ్‌కు లోన్ మీద వెళ్లి ఒక సీజన్ ఆడాడు. లోన్ అంటే మన డెప్యుటేషన్ లాంటిది: కాంట్రాక్టు ఒక క్లబ్బుతో, ఆట ఇంకో క్లబ్బుకు. ఆ తర్వాతే బ్రైటన్ చొక్కా వేసుకున్నాడు. 2022 ప్రపంచ కప్పులో స్పెయిన్ మీద జపాన్ గెలుపు గోలుకు బంతి అందించింది ఇతనే. ఆ బంతి గీత దాటకుండా లోపల మిగిలింది 1.88 మిల్లీమీటర్లే అని లెక్క తేల్చారు.

"జపాన్ వాళ్ల కథ మనకెందుకు సార్?" అంటారేమో. సరే, మనవాళ్ల దగ్గరికే వద్దాం.

నిజామాబాద్ జిల్లాలోని ఒక తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య. మన దగ్గర ఆడపిల్ల ఫుట్‌బాల్ ఆడి బతకాలంటే దారి ఎంత సన్నగా ఉంటుందో ఊహించండి. సొంత రాష్ట్రంలో పెద్ద మహిళా క్లబ్బు లేకపోతే కేరళ వెళ్లి గోకులం తరఫున ఆడింది. 2022లో ఆమెనూ, మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌నూ క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళా జట్టు తీసుకుంది. క్రొయేషియా ఎక్కడుందో మ్యాపులో చూపించమంటే మనలో ఎంతమంది చూపిస్తాం? అయినా వెళ్లింది. లండన్ పిలుపు కోసం ఇంట్లో కూర్చోలేదు. తర్వాత తిరిగివచ్చి ఈస్ట్ బెంగాల్‌లో చేరింది. 2024-25లో ఆ జట్టు ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. దేశంలో ఆ ఏడాది ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు సౌమ్యకే దక్కింది.

ఆ ఈస్ట్ బెంగాల్‌కు తెలుగు నేల నుంచి దారి కొత్తదేమీ కాదు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో కలకత్తా వెళ్లి ఆ క్లబ్బులోనే చేరాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ జట్టు కోచ్ కూడా మన హైదరాబాద్ రహీం సాబే. 1966లో హైదరాబాద్ నుంచి మహమ్మద్ హబీబ్ కూడా కలకత్తాకే వెళ్లాడు. 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు. భాష వేరు, తిండి వేరు, వాన వేరు. వాళ్ల కాలంలో కలకత్తా అంటే విదేశంతో సమానం. ఆట అక్కడ ఉంది కాబట్టి అక్కడికి వెళ్లారు.

ఇంతకీ నేను చెప్పేది అందరూ విమానం ఎక్కేయమని కాదు. ఎయిర్‌పోర్టు మన ఊళ్లోనే ఉందని ఎక్కేయాలా ఏంటి? జపాన్ వాళ్లే మన దగ్గరికి వచ్చారు. శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ 2016లో, డైకిన్ ఫ్యాక్టరీ 2023లో మొదలయ్యాయి. రేణిగుంట చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ యూనిట్లు ఉన్నాయి. దూరం ఎంత అన్నది కాదు ప్రశ్న. అక్కడ నాకు ఆట దొరుకుతుందా, లేదా?

అందుకే ఏ ఆఫర్ వచ్చినా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. మొదటి ఆరు నెలల్లో నా చేతికి ఏ పని వస్తుంది? నాకంటే బాగా తెలిసినవాడు పక్కన ఉంటాడా? రెండేళ్ల తర్వాత ఇక్కడి నుంచి బయటికెళ్లినవాళ్లు ఎక్కడికి వెళ్తున్నారు? వెళ్లాలనుకుంటే వెళ్లనిస్తారా?

ఈ నాలుగో ప్రశ్నలోనే మనవాళ్లు ఎక్కువ మోసపోతున్నారు. ఫుట్‌బాల్‌లో ట్రాన్స్‌ఫర్ ఫీజు అంటే ఆటగాణ్ని కొనడం కాదు, మిగిలిన కాంట్రాక్టుకు కొత్త క్లబ్బు కట్టే పరిహారం. కాంట్రాక్టు అయిపోతే యూరప్‌లో ఆటగాడు స్వేచ్ఛగా వెళ్లిపోవచ్చు. 1995లో బోస్మన్ అనే ఆటగాడు కోర్టుకెక్కి సాధించిన హక్కు అది. అందుకే తెలివైన ఆటగాడు జీతం అంకె కన్నా ముందు కాంట్రాక్టు ఎన్నేళ్లో చూస్తాడు. మనం బాండ్ పేపర్ మీద చదవకుండా సంతకం పెడతాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో పెట్టి వస్తాం. వద్దు. జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి. బాండ్‌లో ఎన్ని నెలలు, ఎంత డబ్బు అని రాసిందో ఇంట్లో చదివాకే సంతకం పెట్టండి.

విదేశాలైతే ఇంకా జాగ్రత్త. ఫుట్‌బాల్ ఏజెంటుకు ఫిఫా లైసెన్సు కావాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని, కొన్ని మినహాయింపులు తప్ప, వేరే దేశం క్లబ్బుకు మార్చడానికి వీల్లేదు. మన ఉద్యోగాలకూ అలాంటి కాపలా ఉంది. విదేశీ ఉద్యోగాలు ఇప్పించే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో మీరే చూసుకోవచ్చు. సర్వీసు ఛార్జీ ముప్పై వేలు, దానిపై జీఎస్టీ దాటకూడదని నిబంధన. "రెండు లక్షలు కట్టు, విజిట్ వీసా మీద పో, అక్కడ చూసుకుందాం" అనేవాడు ఏజెంటు కాదు. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్లను కంబోడియా పంపి, సైబర్ మోసాలు చేయించారు.

జపాన్ మీద మనసుంటే సరైన దారి ఉంది. నైపుణ్యం ఉన్న కార్మికుల కోసం 2021లో మన దేశం, జపాన్ ఒప్పందం చేసుకున్నాయి. ఆ వీసాకు చేయబోయే పనిలో ఒక పరీక్ష, జపనీస్‌లో ఇంకో పరీక్ష పాసవ్వాలి. భాష కోసం జేఎల్‌పీటీ ఎన్4 రాయొచ్చు. అది చెన్నైలోనే జరుగుతుంది, అదే బండి ఎక్కితే చాలు. కొన్ని నెలల కష్టం ఉంది. ఆ కష్టం లేకుండా పంపిస్తామనేవాళ్ల దగ్గరే భయపడాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. "సార్, మా నాన్న అప్పుకు వడ్డీ కట్టాలి. రెండు వేలు తక్కువంటే మాకు తేడానే." నిజమే. ఆ రెండు వేల విలువ తెలియనివాడు ఈ సలహా ఇవ్వకూడదు. ఇంటి అవసరం గట్టిగా ఉంటే ఎక్కువ జీతానికే పోండి, తప్పేం లేదు. అయితే బెంచీ మీద కూర్చోబెడితే ఊరికే కూర్చోకండి. మిటోమాకు వీసా రాని ఏడాదిలో కూడా ఆట ఆగలేదని గుర్తుపెట్టుకోండి. పని అడగండి, పక్క టీమ్‌లో అయినా సరే.

చివరగా తిరిగి రావడం గురించి. మన ఊళ్లలో బయటికి పోయినవాడు తిరిగొస్తే "ఏమయింది?" అని అడిగే గొంతులోనే ఓడిపోయాడన్న తీర్పు ఉంటుంది. ఆ గొంతుకు భయపడి ఏళ్ల తరబడి చేతకాని చోట్ల పడి ఉన్నవాళ్లను నేను ఎరుగుదును. ఒకుదెరా 1986లో జపాన్ తిరిగివచ్చి తన దేశపు తొలి ప్రొఫెషనల్ ఆటగాళ్లలో ఒకడయ్యాడు. సౌమ్య తిరిగివచ్చాకే దేశంలో మేటి అనిపించుకుంది. వెళ్లిన చోట ఏం నేర్చుకున్నామో అది మనతోనే వస్తుంది. బ్యాగులో దానికి వేరే బరువుండదు.

మొన్న ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. చిన్న కంపెనీలోనే చేరాడట. "సార్, ఈ వారం నా చేత ఒక మెషిన్ మొత్తం విప్పించినారు. మళ్లీ బిగించేదానికి రెండు రోజులు పట్టింది. అరుపులు కూడా పడినాయి" అన్నాడు.

గొంతులో మాత్రం బాధ లేదు. ఆడుతున్నవాడి గొంతు అది.