వద్దు, వద్దు అనగా కంచంలో మిగిలింది

అరవై ఐదు దాటిన మనిషికి మన ఇళ్లలో రెండు జాబితాలు అందుతాయి. షుగరని తేలిన రోజు మొదటిది: అన్నం తగ్గించు, దుంపకూరలు వద్దు, మామిడిపండు పేరెత్తకు. కొన్నాళ్లకు కొలెస్ట్రాల్ రిపోర్టు వస్తే రెండోది: నెయ్యి మానెయ్, గుడ్డు మానెయ్, పల్లీలు కొవ్వు, కొబ్బరి మరీ కొవ్వు. రెండూ పాటిస్తే మిగిలేవి రెండు పుల్కాలు, నీళ్లచారు, కాకరకాయ వేపుడు. ఆ వేపుడులో నూనె ఎంత పోశారని మాత్రం ఎవరూ అడగరు.

అసలు చూడాల్సింది మధ్యాహ్నం కంచాన్ని. పప్పు ఒక గరిటె, కూర నంజుకోవడానికి కాస్త, అన్నం మాత్రం గుట్ట. ముందు పచ్చడితో, తర్వాత పప్పుతో, ఆపైన పులుసుతో, చివర పెరుగుతో తినేది ఆ అన్నమే. అది షుగరు పెంచుతుందని అందరికీ తెలుసు. ట్రైగ్లిజరైడ్లనూ పెంచుతుందని చాలామందికి తెలియదు. ఒంటికి ఖర్చు కాని పిండిపదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. మనవాళ్ల రిపోర్టుల్లో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, మంచి కొలెస్ట్రాల్ తక్కువగా కనిపించడం మామూలు. రెండు కేసుల్లోనూ ముద్దాయి ఆ గుట్టే. జైలుకెళ్లింది మాత్రం గుడ్డు.

గుడ్డు పచ్చసొనలో 200 మిల్లీగ్రాములకు కాస్త తక్కువగా కొలెస్ట్రాల్ ఉన్న మాట నిజమే. కానీ మన రక్తంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన ఒళ్లు తయారుచేసుకున్నదే. చెడ్డ కొలెస్ట్రాల్‌ను ప్రధానంగా పెంచేది సంతృప్త కొవ్వు. అందుకే అమెరికా తన 2015–20 ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 300 మిల్లీగ్రాములన్న పాత పరిమితిని తీసేసింది. షుగరున్నవాళ్లు ఎన్ని గుడ్లు తినొచ్చన్న వాదన తెగలేదు కాబట్టి పొద్దున్నే మూడు ఆమ్లెట్లు వేసుకోమని నేననను. రోజుకొక ఉడకబెట్టిన గుడ్డుకు భయపడి నీరసించిపోవడం మాత్రం అర్థం లేని పని. ఇక పల్లీల్లో, నువ్వుల్లో కొలెస్ట్రాల్ అసలుండదు. అది జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే ఉంటుంది. నూనె ప్యాకెట్ మీద గుండె బొమ్మేసి ‘కొలెస్ట్రాల్ లేదు’ అని గొప్పగా రాసుకోవడం చూస్తే నాకు నవ్వొస్తుంది. పామాయిల్లోనూ కొలెస్ట్రాల్ ఉండదు, కానీ అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వే.

ఆ పామాయిల్ ‘షుగర్‌ఫ్రీ’ బిస్కెట్లలోనూ తరచుగా ఉంటుంది. చక్కెర తీసేశారు సరే, మైదా ఎక్కడికి పోయింది? టీలో చక్కెర మానేసి ఆ టీలోనే నాలుగు బిస్కెట్లు ముంచుకు తినేవాళ్లు ప్యాకెట్ వెనక సన్నక్షరాల్లో రాసింది ఒకసారి చదవాలి.

మా పిన్ని అన్నం పూర్తిగా మానేశానని గర్వంగా చెప్పేది. పొద్దున రాగిజావ, పదింటికి బిస్కెట్లు, మధ్యాహ్నం పుల్కాలు, రాత్రి ఉప్మా. అన్నం పోయింది కానీ పిండి ఎక్కడికీ పోలేదు. రాగులు మంచివే. మెత్తటి పిండి చేసి జావ కాచి తాగితే మాత్రం అది నమిలే పని కూడా లేకుండా అరిగిపోయి షుగరును గబగబా పెంచుతుంది. పప్పు తింటే గ్యాసని, గుడ్డు కొవ్వని ఆ రెండూ ఆవిడ ముట్టదు. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాలి. ‘వయసురా’ అంటుంది. వయసొక్కటే కాదు, కండ కరిగిపోయింది. తిన్న చక్కెరలో పెద్ద వాటాను వాడుకునేది కండే కాబట్టి అది తగ్గేకొద్దీ షుగరు అదుపు తప్పుతుంది. పెద్ద వయసులో కిలో బరువుకు కనీసం ఒక గ్రాము ప్రోటీన్ కావాలి. గుడ్డులో ఆరు గ్రాములుంటుంది, గ్లాసు పాలలో ఆరేడు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఈ లెక్క వేరు, వాళ్లు డాక్టరు చెప్పినట్టే నడవాలి.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు ధాన్యాల వాటా రోజు మొత్తం శక్తిలో 45 శాతం మించొద్దంటున్నాయి. బియ్యమైనా, గోధుమలైనా, కొర్రలైనా ఇదే లెక్క. ఇంట్లో దీనికి తూకాలు అక్కర్లేదు. అన్నం గరిట కూరకు, కూర గరిట అన్నానికి వాడండి. ముందు కూర, పప్పు కొంత తిని ఆ తర్వాత అన్నం కలుపుకుంటే షుగరు అంత ఎగబాకదు. నెయ్యి డబ్బాను అటకెక్కించక్కర్లేదు, చిన్న చెంచాతో ఒక్కసారి వేసుకుంటే చాలు.

ఇక మందుల సంగతి. మూడు నెలల షుగరు సగటును చెప్పే పరీక్ష హెచ్‌బీఏ1సీ. ‘మా నాన్నగారికి అది 5.8 వచ్చింది’ అని పిల్లలు మురిసిపోతుంటారు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడే డెబ్బై అయిదేళ్ల మనిషికి అది మురిసిపోయే అంకె కాదు. ఆ మందేసుకుని భోజనం ఆలస్యం చేస్తే షుగరు పడిపోతుంది, బాత్‌రూమ్‌లో మనిషీ పడిపోతాడు. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు 7 నుంచి 7.5 లోపు, పలు జబ్బులున్నవాళ్లకు 8 లోపు ఉంటే సరిపోతుందని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా చెబుతోంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర షుగరు పెంచుతుందని వాట్సాప్‌లో చదివి మానేసినవాళ్లూ ఉన్నారు. పెంచే మాట నిజమే, ఆ పెంపు కొంచెమే. గుండెకు జరిగే మేలు దానికంటే చాలా పెద్దది.

ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు రిపోర్టులతోపాటు మూడు రోజులు అమ్మానాన్నలు తిన్నదంతా, బిస్కెట్లతో సహా, ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ఏం మానాలని కాదు, ఏం కలపాలని అడగండి.