వెండితెర వెలుగులు: వివియన్ లీ

'గాన్ విత్ ద విండ్' (1939) చూసిన పాఠకులు స్కార్లెట్ ఓహారాను మరచి ఉండరు. ఆ పాత్రధారిణి వివియన్ లీ 1913 నవంబరు 5న మన డార్జిలింగ్‌లో జన్మించారు. ఆరేళ్ల ప్రాయంలో ఆమెను ఇంగ్లండులోని కాన్వెంటులో చేర్చారు.

అమెరికా దక్షిణాది యువతి పాత్రకు ఆంగ్ల నటి ఏమిటని పలువురు ఆక్షేపించారు. ఆ పాత్రకే ఆమెకు ఆస్కార్ లభించింది. 'ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్' (1951) రెండవ ఆస్కార్ తెచ్చింది.

ఆ కీర్తి మాటున క్షయ, దానికి తోడు మనోవ్యాధి. ఒకనాడు అమితోత్సాహం, మరునాడు అంతులేని నిస్పృహ. 1953లో 'ఎలిఫెంట్ వాక్' చిత్రీకరణకై నాటి సిలోను వెళ్లినప్పుడు వ్యాధి ప్రకోపించింది. చిత్రం మధ్యలోనే ఆమెను తప్పించి ఎలిజబెత్ టేలర్‌ను తీసుకున్నారు. అయితే సిలోనులో దూరం నుండి తీసిన కొన్ని దృశ్యాలను అలాగే ఉంచేశారు. ఆ చిత్రం లభిస్తే నిదానించి చూడండి. దూరాన కదలాడే ఆకృతి లీదే.

విద్యుత్ చికిత్సలు పొందుతూనే ఆమె రంగస్థలాన్ని విడువలేదు. 'తోవారిచ్' సంగీత నాటకానికి 1963లో టోనీ పురస్కారం అందుకున్నారు. 1967 జులైలో, 53వ ఏట, లండన్‌లోని స్వగృహంలో క్షయవ్యాధితో కన్నుమూశారు. నగరంలోని వెస్ట్ ఎండ్ నాటకశాలలు ఒక గంటసేపు వెలుపలి దీపాలను ఆర్పివేశాయి.