గుమ్మడికి పోపు ముఖ్యం

అంబత్తూరు అంగళ్ళలో మన తియ్యగుమ్మడిని 'పరంగిక్కాయ్' అని అడగాలి. 'పూసణి' అంటే బూడిదగుమ్మడి చేతికివ్వవచ్చు. అది వడియాలకు, దిష్టికి. ఆయుధపూజనాడు ఇక్కడి ఫ్యాక్టరీ గేట్ల ముందు పగిలేది అదే. ఆ ముక్కలను వెంటనే పక్కకు తీయించండి, స్కూటర్లు జారతాయి.

కూరకు మాత్రం తియ్యగుమ్మడే. ఆడవాళ్ళు నిండు గుమ్మడికాయ కొట్టకూడదంటారు మనవాళ్ళు. అంగడివాడే ముక్కలు కోసి అమ్ముతున్నాడు కనుక ఆ చిక్కూ లేదు! 100 గ్రాములకు సుమారు 25 కేలరీలే. తొంభై శాతం పైగా నీరే. పసుపు రంగునిచ్చే బీటా కెరోటిన్ ఒంట్లో విటమిన్ 'ఎ'గా మారి కంటిచూపును కాపాడుతుంది. అయితే అది కొవ్వులో కరిగే పదార్థం. బరువు తగ్గాలని నూనె పూర్తిగా మానేసి ఉత్త నీళ్ళలో ఉడికించి తినేవారికి అది సరిగా ఒంటబట్టదు. ఒక చెంచా నూనెతో పోపు చాలు.

ఆవకూర చేసేవారు ముక్కలుడికాక చింతపండు రసం, కాస్త బెల్లం వేసి, పోపు పెట్టి, దించాకే ఆవముద్ద కలపాలి. పొయ్యి మీద వేస్తే చేదెక్కుతుంది. మధుమేహం ఉన్నవారు బెల్లం మానాలి. గింజలు పారేయకండి. ఎండబెట్టి, వేయించి, పైపొట్టు ఒలిచి పిల్లలకు పెట్టండి. వాటిలో మెగ్నీషియం, జింకు ఉన్నాయి.