నిమ్మ పండించు ఇంట రక్తహీనత యేల?



గూడూరు, తెనాలి, ఏలూరు, నకిరేకల్ మార్కెట్లకు నిమ్మకాయలు బస్తాలకొలది వచ్చుచుండును. ధర బాగున్ననాడు కాయ యంతయు బస్తాకెక్కును. ధర పడినపుడు కోతకూలి గిట్టదని చెట్టు క్రిందనే రాలి కుళ్లును. ఎటు చూచినను రైతు ఇంటి కంచములోనికి నిమ్మ చేరుట తక్కువ. ఇది తగిన పద్ధతి కాదని నా అభిప్రాయము.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58 మందికి పైగా, తెలంగాణలో 57 మందికి పైగా రక్తహీనతతో నున్నారు. తోటకూర, రాగిసంకటి, పప్పు తినుచున్నను ఇట్లేల? కారణములు పెక్కు కలవు. వానిలో నొకటి, ఆకుకూరలలోను ధాన్యములలోను గల ఇనుమును శరీరము కొద్దిగానే గ్రహించుట. అదే భోజనములో 'సి' విటమిన్ యున్నచో ఎక్కువ గ్రహించును. ఈ విటమిన్ నిమ్మరసములో కలదు.

నిమ్మజాతుల గుణము లోకము గుర్తించి చాలకాలమైనది. 1747లో జేమ్స్ లిండ్ అను ఓడ వైద్యుడు, చిగుళ్లనుండి రక్తము కారు స్కర్వీ వ్యాధి సోకిన 12 మంది నావికులకు వేర్వేరు చికిత్సలు చేసెను. నారింజలు, లెమన్ పండ్లు తిన్న ఇద్దరు అందరికంటె త్వరగా కోలుకొనిరి. ఈ జాతుల పుట్టినిల్లు హిమాలయముల ఆగ్నేయ పాదప్రాంతమని 2018లో వెలువడిన జన్యు పరిశోధన తెలిపినది. మన కాగ్జీ నిమ్మ, మాదీఫలమునకు మరియొక అడవిజాతికి పుట్టిన సంకరము.

వాడుక యెట్లు? వేడికి 'సి' విటమిన్ నశించును. కావున పప్పు, కూర పొయ్యి దించి, వడ్డించిన తరువాత రసము పిండుకొనుడు. అన్నము ఆరిన పిదప పులిహోరలో నిమ్మ పిండు మన తల్లుల అలవాటు మంచిదే. రసమును రాగి, ఇత్తడి పాత్రలలో నుంచక గాజుసీసాలోగాని జాడీలోగాని యుంచవలెను. భోజనముతోబాటు టీ, కాఫీ త్రాగరాదు. అవి ఇనుమును గ్రహింపనీయవు. నిమ్మ ఆహారమే గాని మందు కాదు. రక్తము తక్కువైనవారు ఆరోగ్యకేంద్రములో పరీక్ష చేయించుకొని, ఇచ్చిన ఇనుము మాత్రలు మానక వాడవలెను.

"కాయ అమ్మిన పైకము వచ్చును గదా" యని కొందరందురు. దినమునకు రెండు కాయల చొప్పున ఏడాదికి 730 కాయలు. బాగుగా కాచు ఒకటి రెండు చెట్ల కాపు చాలును. తోటకది యేపాటి నష్టము?

గ్రామాధికారులకు ఒక మనవి. పాఠశాల, అంగన్‌వాడీ ఆవరణలలో నీరు నిలువనిచోట రెండేసి మొక్కలు నాటించుడు. మూడు నాలుగేండ్లకు కాపు వచ్చును.

ధర యెంత యున్నను, బస్తా కుట్టుటకు ముందు ఇంటికి గంపెడు కాయలు తీసి యుంచుడు.