దర్వాజాకొక తాళము, మనిషికొక పాస్‌వర్డ్

చార్మినార్ ప్రాంతవాసులకు దర్వాజాల సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఒకప్పుడు ఈ నగరము చుట్టును ప్రాకారముండెడిది. దానికి పెద్ద దర్వాజాలతోపాటు ఖిడ్కీలని పిలువబడు చిన్న ద్వారములును ఉండెడివి. నేడు దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు మాత్రమే మిగిలినవి. దర్వాజా మూసి ఖిడ్కీని తెరచి ఉంచినచో ఎంతటి ప్రాకారమైనను లేనట్లే. కంప్యూటర్ల విషయమున ఈ మాటను మనము మరచుచున్నాము.

కళాశాలలోని కంప్యూటర్లను కలుపు స్విచ్, బయటివారిని లోనికి అనుమతించు నెట్‌వర్క్ యాక్సెస్ సర్వర్ నేటి దర్వాజాలు. వాని ప్రతి పోర్టు ఒక ఖిడ్కీ. వాడని పోర్టును మూసివేయవలెను. వాడు పోర్టునకు పోర్ట్ సెక్యూరిటీ అమర్చవలెను. సిస్కో స్విచ్‌లలో అట్లు అమర్చినప్పుడు, పరిమితికి మించి పరాయి యంత్రము తగిలినచో ఆ పోర్టు తనంతట తానే మూతపడును. అయితే యంత్రపు చిరునామాను అనుకరింపవచ్చును. కనుక యంత్రమునే గాక మనిషిని కూడ ప్రశ్నింపవలెను. అందులకే లాగిన్ పాస్‌వర్డ్.

ఇందులోను ఒక మెలకువ కలదు. సిస్కో యంత్రపు కన్సోల్ లైనుకు పాస్‌వర్డ్ వ్రాసి, 'లాగిన్' అను ఆజ్ఞను వ్రాయకున్నచో యంత్రము ఎవరినీ ఏమియు అడుగదు. తాళము కొని తలుపునకు వేయక జేబులో ఉంచుకొనుట ఇట్టిదే.

2022 జనవరిలో మన నగరమునందలి ఏ.పి. మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు నుండి సుమారు 12.48 కోట్ల రూపాయలు దొంగిలింపబడినవి. దొంగలు మోసపు ఈ-మెయిళ్ళ ద్వారా చొరబడిరనియు, సర్వాధికారములు గల ఖాతాలలో కొన్నింటికి ఒకే పాస్‌వర్డ్ ఉండెననియు నగర పోలీసులు వెల్లడించిరి. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకునకు 65 లక్షల రూపాయల జరిమానా విధించెను.

మన కళాశాలలో కోట్లు లేవు గదా యని కొందరు అనవచ్చును. కోట్లు లేకున్నను విద్యార్థుల మార్కులు, ఆధార్ సంఖ్యలు, విద్యార్థివేతనము చేరవలసిన బ్యాంకు ఖాతాల వివరములు ఉన్నవి. పేదవాని యింట ఆ వేతనమే కోటి.

అంతకన్న విలువైనది మరొకటి ఉన్నది. ఒకే పాస్‌వర్డ్ పదిమందికి తెలిసియుండగా, మార్కుల పట్టికలో ఒక అంకె మారినదనుకొందము. ఎవరిని అడుగుదుము? మొదటి అనుమానము ప్రయోగశాల సహాయకునిపై పడును. పిదప ఆ సాయంకాలము ఆలస్యముగా కూర్చుండి చదువుకొన్న విద్యార్థిపై పడును. తాము నిర్దోషులమని వారు నిరూపించుకొను మార్గమే లేదు. ఎవరి పేరున వారికి లాగిన్ ఉండి, ఎవరెప్పుడు ప్రవేశించిరో నమోదగుచున్నచో ఆ నమోదే నిర్దోషికి సాక్షి.

విడివిడి పాస్‌వర్డ్‌లు అపనమ్మకమునకు గుర్తని కొందరు పెద్దలు భావింతురు. మేము అంగీకరింపజాలము. లాడ్ బజారులో అన్నదమ్ముల దుకాణమునందైనను చిట్టా వ్రాయకుందురా? లెక్క వ్రాయుటచే స్నేహము చెడదు. లెక్క లేనిచోటనే చెడును.

కావున కళాశాల కమిటీవారిని మేము కోరునది స్వల్పము. యంత్రముతో వచ్చిన పాస్‌వర్డ్‌లను నేడే మార్పించుడు. వాడని పోర్టులను మూయించుడు. ప్రతి ఉద్యోగికి, ప్రతి విద్యార్థికి ప్రత్యేక లాగిన్ ఇప్పించి, ప్రవేశముల నమోదును పరిశీలించు బాధ్యతను ఒక అధ్యాపకునకు అప్పగించుడు. విద్యార్థి మిత్రులారా! మీ పాస్‌వర్డ్‌ను ప్రాణమిత్రునకైనను చెప్పకుడు. ఈ పనులలో చాలవరకు క్రొత్త యంత్రము కొననక్కరలేదు. ఉన్న యంత్రమున కొన్ని పంక్తులు వ్రాయు ఓపిక చాలును.